ఆసుపత్రి చెట్టు నీడ

తుఫాను వెళ్ళిపోయిన దగ్గర్నుంచి ఆ వీధిలో అందరికంటే ముందు నిద్రలేచేది లారీయే. డ్రైవరు తాళం తిప్పగానే అది కాసేపు దగ్గి, గొంతు సవరించుకుని, ఇల్లంతా అదిరేట్టు మొదలయ్యేది. వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. అత్తగారు మంచం మీద అటు తిరిగి, "వెళ్ళవయ్యా వెళ్ళు, నీ రథం చప్పుడుకి గోడ మీద బల్లులు కూడా జారిపడుతున్నాయి," అని మళ్ళీ గురక అందుకునేది. భార్య టీ గ్లాసు తెచ్చి కేబిన్ కిటికీలోంచి అందించేది. కూతురు గుమ్మం దాకా వచ్చి నిలబడేది, ఒక చెయ్యి నడుం మీదా ఇంకో చెయ్యి పొట్ట మీదా వేసుకుని. అతను ఆ పొట్ట వైపు చూసీ చూడనట్టు చూసి గేరు వేసేవాడు.

కూతురికి నెలలు నిండాయి. అల్లుడు కరెంటు స్తంభాలెక్కే మనిషి. తీగలన్నీ తెగిపోవడంతో అతన్ని ఎక్కడెక్కడికో పంపేశారు, ఫోనులో గొంతు తప్ప మనిషి దొరకడం లేదు. ఇంట్లో పైకి అందరూ సరదాగానే ఉన్నారు. దీనికి ముందు కాన్పులో బిడ్డ దక్కలేదు కాబట్టి, ఆ మాట ఎక్కడ పైకొస్తుందోనని అవసరానికి మించి నవ్వుతున్నారు. ఉప్పు తక్కువైందన్నా నవ్వే, తలుపు కిర్రుమన్నా నవ్వే.

లారీ పని అప్పుడు పడ్డ చెట్లని మొయ్యడం. రోడ్లమీదా, గోడలమీదా, బస్సు షెడ్లమీదా ఎక్కడ చూసినా చెట్లే. మోటారు రంపం పట్టేవాడు ఒకడు, వాణ్ణి అందరూ గరగర అనేవాళ్ళు, రంపం ఆపేసినా వాడి గొంతు ఆగదు కాబట్టి. కొమ్మలకి తాడు కట్టి లాగించే ఆవిడ తాడక్క. కట్టడంలో ఆవిడ ముడి వేస్తే దేవుడు దిగొచ్చినా ఊడదని పేరు. వీళ్ళిద్దరూ కోసి, కట్టి, ఎక్కిస్తే, డ్రైవరు ఊరి బయట బీడు నేలలో పారేసి వచ్చేవాడు.

చెట్లు పడ్డాయి గానీ నీడలు పడలేదు. నీడలు అంత తొందరగా ఎక్కడ పడతాయి? చెట్టు బోర్లా పడి ఉంటే, దాని నీడ మటుకు ఎప్పట్లాగే ఉన్నచోటే ఉండేది, ఆకులు కూడా కదులుతూ. చెప్పులు కుట్టే అతను పడిపోయిన మానుకి వీపు ఆనించి, ఆ నీడలోనే పని చేసుకునేవాడు. ఆఖరి దుంగ లారీ ఎక్కినప్పుడే నీడకి కాలు కదిలేది. దుంగ వెనకాలే అదీ ఎక్కి కూర్చునేది. బీట్లో దుంగలతోపాటు దిగేది. ఆ బీట్లో ఇప్పుడు చెట్టన్నది లేదు, నీడలు మాత్రం ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నాయి. దించినవాళ్ళు వెనక్కి చూడకుండా వచ్చేసేవాళ్ళు.

చెట్టు కింద జనం ఏళ్ళ తరబడి ఏం చేస్తే నీడకి అదే అలవాటవుతుంది. బజారు చెట్టు నీడని తెస్తున్న రోజు గరగర దుంగల మీద కూర్చుని తాడక్కతో తన చొక్కాకే బేరమాడాడు. బడి చెట్టు నీడ దారి పొడుగునా లారీని ఊపుతూనే ఉంది. అందుకే పనిలో చేరినవాడికి మొదట చెప్పే సంగతి ఒకటే, నీడ ఎక్కాక బండి ఆపకూడదు. ఆగిందా, నీడ తన చోటు వచ్చిందనుకుని దిగిపోతుంది. ఇంకో లారీవాడు రైలు గేటు దగ్గర ఆపాడు, సినిమాహాలు చెట్టు నీడ అక్కడ దిగింది. ఇప్పటికీ ఆ గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు రైలు కనపడగానే ఈలలు వేస్తారు.

డ్రైవరు ఆపేవాడు కాదు. కానీ ప్రతి లోడు లోంచీ ఒక చిన్న దుంగ ఇంటికి పడాల్సిందే, అది అత్తగారి హుకుం. వేణ్ణీళ్ళ పొయ్యికి పుల్లలు కావాలి. ఇంటి ముందుకి రాగానే డ్రైవరు బండి నెమ్మది చేసేవాడు, పైనున్న గరగర ఒక దుంగని కాలితో తన్నేవాడు, అది దొర్లుకుంటూ వెళ్ళి గోడకి తగిలి ఆగేది. అత్తగారు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని దాన్ని లోపలికి ఈడ్చుకుపోయేది. బండి ఆగదు కాబట్టి నీడ దిగేది కాదు. ఇందులో ప్రమాదం ఉందని ఒక్కరికీ తోచలేదు.

ఆ రోజు పొద్దున పని చెప్పే ఆయన, "ఇవ్వాళ ఆసుపత్రి చెట్టు," అన్నాడు. డ్రైవరు వేరే లోడు లేదా అని అడిగాడు.

అది పెద్ద నిద్రగన్నేరు. ఆసుపత్రి వెనక గేటుకి అడ్డంగా పడి ఉంది, వేళ్ళ ముద్ద మట్టితో సహా గోడంత ఎత్తున లేచి. చెట్టు పడిందే గానీ దాని నీడ సిమెంటు అరుగు మీద అలాగే పరుచుకుని ఉంది. ఆ అరుగు మీద లోపలున్నవాళ్ళ తాలూకు మనుషులు కూర్చుని ఉన్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. అందరి చూపూ ఆకుపచ్చ రంగు తలుపు మీదే. తలుపు కదిలితే అందరూ ఒక్కసారి సగం లేస్తున్నారు. మళ్ళీ కూర్చుంటున్నారు.

తాడక్క తాడు భుజానేసుకుని నీడలోకి వెళ్ళింది, ముడి వేసి బయటికొచ్చింది, పమిటతో మొహం తుడుచుకుంది.

"నా వాళ్ళెవరూ లోపల లేరు తమ్ముడూ. అయినా ఎవరో వచ్చి ఏదో చెప్పేస్తారని కాళ్ళు వణికిపోయాయి. ముడి రెండుసార్లు తప్పింది."

"నువ్వు ముడి తప్పడమేంటక్కా!" అన్నాడు గరగర. వాడి గొంతు కూడా ఆ రోజు చిన్నగానే ఉంది.

డ్రైవరు కేబిన్ దిగలేదు. ఆ అరుగు అతనికి తెలుసు. కిందటి కాన్పుకి ఇక్కడే కూర్చున్నాడు. అప్పుడు ఇంట్లో ఎవరికీ భయం లేదు. బిడ్డ కదలడం తగ్గిందని కూతురు అంటే, "పడుకుని ఉంటాడులే," అంది అత్తగారు. "పనిచేసి అలిసిపోయావు, నువ్వూ పడుకో," అంది భార్య. "రేపు చూద్దాం," అన్నాడు అతను. రేపు వచ్చింది. ఆకుపచ్చ తలుపు తీసుకుని వచ్చిన డాక్టరమ్మ, "నిన్న తీసుకురావాల్సింది," అంది. అంతే అంది. ఆ మాటకి ముందు ఈ నీడలో కూర్చున్న కాసేపట్లో అతను పడ్డ భయం, జన్మంతా పడాల్సిన భయం. అది ఎవరికీ ఎందుకూ పనికిరాలేదు. ఆ తర్వాత ఈ రోడ్డున లారీ తోలాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

మధ్యాహ్నం దాటాక ఆఖరి దుంగ ఎక్కింది. దాని వెనకాలే నీడ ఎక్కింది. లారీ స్ప్రింగులు కిందికి కుంగడం అతనికి సీటులో తెలిసింది. అద్దంలో వెనకంతా నల్లబడింది. మెడ మీద చల్లటి చెయ్యి వేసినట్టయింది. స్టీరింగు గట్టిగా పట్టుకుని, గుంత వస్తే గుంత, రాయి వస్తే రాయి, దేనికీ ఆపకుండా తోలాడు.

ఇంటి వీధిలోకి తిరిగి, అలవాటు కొద్దీ బండి నెమ్మది చేశాడు. పైన గరగర, వాడూ అలవాటు కొద్దీ, దుంగని తన్నాడు. ఆ వేళకి అత్తగారు ఒళ్ళు మరిచి నిద్రపోతోంది. దుంగ కోసం కూతురు బయటికొచ్చింది. గోడ దగ్గర వంగబోతోంది. దుంగ దొర్లుకుంటూ సూటిగా ఆమె మీదికే పోతోంది.

బ్రేకు మీద కాలు ఎప్పుడు పడిందో అతనికే తెలియదు. లారీ కీచుమని ఆగింది. దుంగ గడప రాయికి తగిలి, పక్కకి తిరిగి, ఆమె పాదాలకి బెత్తెడు దూరంలో నిలిచింది.

"ఏం కాలేదు నాన్నా," అంది కూతురు, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని. "నువ్వు పో. వెనక బస్సువాడు తిడుతున్నాడు."

అతను ఊపిరి పీల్చుకుని బండి కదిలించాడు. నాలుగిళ్ళు దాటాక గమనించాడు, అద్దం తెల్లగా ఉంది. వెనక ఎండ పడుతోంది. మెడ మీది చల్లదనం లేదు. పైనున్న గరగర వాడి జన్మలో మొదటిసారి మాట్లాడకుండా కూర్చున్నాడు.

బీట్లో దుంగలన్నీ దించాక, వేరే బండిలో ముందే అక్కడికి చేరిన తాడక్క చుట్టూ చూసింది. "నీడేదీ?"

గరగర డ్రైవరు వైపు చూశాడు.

"ఎక్కడ ఆపావు తమ్ముడూ?"

"మా ఇంటి దగ్గర."

తాడక్క దుంగ మీద కూలబడింది. "ఎంతమంది భయం అది! మొత్తం తీసుకెళ్ళి ఇంటిమీద పెట్టుకున్నావా? పైగా నిండు మనిషి ఉన్న ఇల్లు." గొంతు తగ్గించి అంది. "ఆ దుంగ ఉందిగా. దాని దగ్గరే దిగింది, ఇక దుంగ ఎక్కడుంటే అదక్కడ. బండిలో వేసుకుని ఇక్కడికి తెచ్చెయ్. మధ్యలో మాత్రం ఆపకు."

అతను ఇల్లు చేరేసరికి సాయంత్రపు ఎండ వీధంతా పచ్చగా ఉంది, తన ఇంటి మీద తప్ప. నిద్రగన్నేరు నీడ పెంకుల మీదనుంచి వాకిలి దాకా పరుచుకుని ఉంది. తీగ మీద ఆరేసిన బట్టలు తడితడిగానే వేలాడుతున్నాయి. పక్కింటావిడ తన ఎండలోకి కుర్చీ జరుపుకుంటూ, "మీకు నీడొచ్చిందే," అని మాత్రం అంది.

లోపల భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. గుడ్డ సూది కిందే ఉంది, కాలు కదలడం లేదు. వీధిలో అడుగుల చప్పుడైతే చాలు, సగం లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంటోంది.  ఆసుపత్రి అరుగు మీద వాళ్ళు లేచిందీ కూర్చుందీ అచ్చం అలాగే.

అత్తగారిని చూశాక అసలు భయమేసింది. తుఫాను రాత్రి వంటింటి రేకు ఎగిరిపోతుంటే, "పోతే పోయింది, గాలొస్తుంది," అని దుప్పటి కప్పుకున్న మనిషి ఆవిడ. అలాంటిది గడపలో చెప్పులు వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కళ్ళు తలుపు మీదున్నాయి.

"ఎక్కడికత్తయ్యా?"

"ఎక్కడికీ లేదు. ఎవరైనా వచ్చి చెప్తారేమోనని."

"ఏం చెప్తారు?"

"అది తెలిస్తే ఇంత భయమెందుకు నాయనా," అంది ఆవిడ. నాయనా అని ఆవిడ అతన్ని ఎప్పుడూ అనలేదు.

వెంటనే దుంగ ఎత్తి బండిలో పడేయాలనుకునే వచ్చాడు. కానీ నీడలోకి అడుగు పెట్టాక కాళ్ళు ముందుకి పడలేదు. ఇప్పుడు బండి తీస్తే దారిలో ఆగిపోతే? తను లేనప్పుడు ఇంట్లో ఏదైనా అయితే? ఆ నీడలో కూర్చున్నవాళ్ళు మధ్యలో లేచి వెళ్ళిన పాపాన పోలేదు. లోపల్నుంచి కబురొచ్చేదాకా కదలరు. అతనూ గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. కూతురు దుంగ మీదే కూర్చుని ఉంది, అరచెయ్యి పొట్ట మీదినుంచి తియ్యకుండా. అందరూ చెవులు రిక్కించి వింటున్నారు. ఏం వింటున్నారో ఎవరికీ తెలియదు. అల్లుడు ఫోను చేస్తే, మోగిన చప్పుడుకి భార్య చేతిలో గ్లాసు జారి పగిలింది.

చీకటి పడ్డాక నీడ కనబడటం మానేసింది, ఉండటం మానలేదు. ఆ రాత్రి గురక లేని ఇల్లు ఎంత పెద్దదో వాళ్ళకి తెలిసింది.

తెల్లవారుతుండగా కూతురు, "నాన్నా," అంది.

ముగ్గురూ ఒక్కసారి లేచి నిలబడ్డారు.

"రాత్రంతా వింటూనే ఉన్నాను నాన్నా. కదలడం లేదు."

పడుకుని ఉంటాడులే అన్న మాట అత్తగారి నోటిదాకా వచ్చింది. పెదాలు కదిలాయి, మాట బయటికి రాలేదు. భార్య కూడా ఏదో అనబోయి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. రేపు చూద్దాం అన్నది డ్రైవరు వంతు. అతను తాళాల కోసం జేబు తడుముకున్నాడు. తాళాలు రెండుసార్లు కింద పడ్డాయి.

కేబిన్ మెట్టు ఎత్తు. కూతురు కాలెత్తలేకపోయింది. అత్తగారు ఆ వయసులో ఆ దుంగని కాళ్ళతో తోసి, దొర్లించి, మెట్టు కింద పెట్టింది. దానిమీద కాలు వేసి కూతురు ఎక్కింది. "దిగేటప్పుడూ కావాలిగా," అంటూ అత్తగారూ భార్యా దుంగని చెరో వైపు పట్టుకుని వెనక వేశారు. అత్తగారు సంచీతో సహా దాని పక్కనే ఎక్కి కూర్చుంది. ఆవిడ ఒక్కతేనా ఎక్కింది? స్ప్రింగులు కుంగాయి. అద్దం నల్లబడింది.

డ్రైవరు అది చూశాడు. ఆసుపత్రి దాకా ఎక్కడా ఆపకూడదు, అంతే అనుకున్నాడు.

వీధి మలుపులో సూర్యుడు ఎదురొచ్చాడు. కేబిన్ లోకి వెచ్చటి ఎండ పడింది. నీడ వెనకుంది, ముందు ఎండ ఉంది. భార్య మొహం మీద కాంతి పడి, రాత్రంతా బిగుసుకున్న దవడ వదులైంది. ఆమె చిన్నగా నిట్టూర్చింది.

"ఏమండీ, మనం మరీ కంగారు పడుతున్నామేమో."

అతను గేరు మార్చాడు.

"రాత్రి నిద్ర లేదుగా, దాంతో అలా అనిపించిందేమో. పొద్దున పూట పిల్లలు కదలరంటారు. ఏమ్మా, కాసేపు పక్కకి ఆపి చూద్దామా? ఇంత పొద్దున్నే వెళ్తే వాళ్ళూ విసుక్కుంటారు."

"ఏమో అమ్మా," అంది కూతురు. ఆమె గొంతులోనూ ఏదో సడలింది. "ఇప్పుడు కాస్త బాగానే ఉన్నట్టుంది."

ఆ మాట విని అతనికి హాయిగా అనిపించింది. ఒళ్ళంతా తేలికైంది. యాక్సిలరేటరు మీద కాలు దానంతటదే పైకి లేచింది. బండి నెమ్మదించింది. పక్కనే ఖాళీ ఉంది, ఆపుకోవచ్చు. కాసేపు చూడొచ్చు. ఎంత బావుంటుంది ఏమీ లేదంటే! ఇంటికి వెళ్ళి టీ తాగొచ్చు, అత్తయ్య మళ్ళీ గురకపెట్టొచ్చు. ఇంత హాయి ఇంతకుముందు ఎప్పుడనిపించిందని మనసులో వెతుక్కున్నాడు. దొరికింది. రేపు చూద్దాం అన్న రోజున.

 చేత్తో అద్దాన్ని తన వైపు తిప్పుకున్నాడు. వెనక ఆ నల్లటిదంతా నిలబడి ఉంది, ఎంతోమంది మనుషుల భయం, అందులో ఎక్కడో తనది కూడా. ఎండలోంచి చూపు తిప్పుకుని దానివైపే చూస్తూ, కాలు బలంగా నొక్కాడు.

"ఏమండీ, ఆపమంటున్నా కదా!"

"ఆపను," అన్నాడు. "నాకు భయంగా ఉంది. ఉండనీ."

చౌరస్తాలో గరగర ఎర్ర గుడ్డ ఊపుతున్నాడు. రోడ్డు పక్కన మానుని లాగుతున్నారు, తాడు రోడ్డుకి అడ్డంగా నడుమెత్తున బిగుసుకుని ఉంది. ఆగాల్సిందే. డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. తాడక్క తలెత్తింది, కేబిన్ లో ముగ్గురినీ చూసింది, వెనక నల్లబడి ఉన్నదాన్ని చూసింది. దేవుడు దిగొచ్చినా ఊడదన్న తన ముడిని తనే ఒక్క లాగుతో విప్పేసింది. తాడు నేలమీద పడింది.

"పోనివ్వండి! ఆపకండర్రా, పోనివ్వండి వాళ్ళని!"

లారీ తాడు మీదినుంచి ఎగిరి వెళ్ళిపోయింది. వెనకనుంచి అత్తగారు ఎవర్నో గట్టిగా తిట్టడం వినిపించింది, భయంలోనే.

ఆసుపత్రి వెనక గేటు దగ్గర అరుగు బోడిగా ఎండలో ఉంది. జనం ఉన్నారు. కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకాయన బత్తాయి వొలుచుకుంటున్నాడు, ఇంకొకాయన ఫోనులో ఏదో చూసి పకపకా నవ్వుతున్నాడు. ఆకుపచ్చ తలుపు తీసుకుని నర్సు కేకేసింది. "నీలం దుప్పటి ఆవిడ తాలూకు ఎవరండీ? రక్తం కావాలని చెప్పానా లేదా?"

"వస్తాంలేమ్మా," అన్నాడు బత్తాయి మనిషి, తొన తీస్తూ.

డ్రైవరు వాళ్ళని చూశాడు. నిన్నటిదాకా ఈ అరుగు మీద భయపడి చచ్చిన జనం ఎక్కడ, వీళ్ళెక్కడ! చెట్టు ఉన్నచోట ఇంకా వేళ్ళ గొయ్యి ఉంది. సరిగ్గా దాని పక్కకి తెచ్చి లారీ ఆపాడు.

దుంగ దింపారు. దుంగ మీద కాలు వేసి కూతురు దిగింది. నర్సు ఒక్కసారి ఆమె మొహం చూసి, ఒక్క ప్రశ్న అడిగి, చక్రాల కుర్చీ కోసం లోపలికి కేక పెట్టింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఇదంతా ఎంతసేపట్లో అయిందో భార్యకి అర్థం కాలేదు. కూతురి చెప్పు ఒకటి అక్కడే పడిపోయి ఉంటే తీసి గుండెకి హత్తుకుంది.

నీడ తీరిగ్గా లారీ దిగింది. దుంగ చుట్టూ ఒకసారి తచ్చాడి, తన పాత చోటికి వెళ్ళి, అరుగు నిండా పరుచుకుంది. నవ్వుతున్నాయన నవ్వు ఆపేశాడు. ఫోను జేబులో పెట్టుకుని తలుపు వైపు తిరిగాడు. బత్తాయి మనిషి చేతిలో తొన అలాగే ఉండిపోయింది. అతని మొహం పాలిపోయింది.

"సిస్టరమ్మా! నీలం దుప్పటి మా ఆవిడే! రక్తం నాది తీసుకోండి, ఎక్కడికి రావాలి?" అంటూ పరిగెత్తాడు. తొనలు అరుగంతా చెదిరిపోయాయి.

డ్రైవరు అరుగు చివర కూర్చున్నాడు. కిందటిసారి కూర్చున్న చోటే. కూర్చోగానే తన పాత భయం తనని గుర్తుపట్టింది. ఒళ్ళోకొచ్చి కూర్చుంది. అతను దాన్ని తోసెయ్యలేదు. తలుపు కదిలితే సగం లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. పక్కన భార్య లేచింది, కూర్చుంది. అత్తగారు అసలు కూర్చోనే లేదు. ఏడుపొచ్చింది అతనికి, అందరి ముందూ ఏడ్చాడు. అక్కడ దానికి ఎవరూ తల తిప్పి చూడరు.

చాలాసేపటికి డాక్టరమ్మ వచ్చింది. అప్పటి డాక్టరమ్మే. మాస్కు కిందికి లాగింది. ముగ్గురూ లేచారు.

"పేగు మెడకి చుట్టుకుంది," అంది డాక్టరమ్మ. "కోసి తీశాం. ఆడపిల్ల. కాసేపు ఏడవలేదు, ఇప్పుడు ఏడుస్తోంది. తల్లి బాగుంది." ఊపిరి తీసుకుని, వాళ్ళని మార్చి మార్చి చూసింది. "ఇంకో పూట ఆగి ఉంటే ఏం చెప్పేదాన్నో తెలియదు. మీలో ఎవరు గమనించారు?"

భార్య డ్రైవరు వైపు చూసింది. డ్రైవరు అత్తగారి వైపు చూశాడు. అత్తగారు సంచీని రెండు చేతులా పట్టుకుని, చిన్నపిల్లలా తలొంచుకుని చెప్పింది.

"గమనించడం కాదమ్మా. భయపడ్డాం."

 డాక్టరమ్మ అరుగు మీది నీడని ఒకసారి చూసి, మాస్కు పైకి లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం తాడక్క, గరగర వచ్చారు. గరగర పిల్లని చూడనివ్వమని నర్సుతో గొడవ పడుతుంటే, తాడక్క దుంగని కాలితో తట్టి చూసింది. "ఈ చెట్టు మొత్తం ఎత్తేశామని పైవాళ్ళకి చెప్పేశాం తమ్ముడూ. ఇదొక్కటీ మిగిలింది. బీట్లో పడేసి రానా?"

డ్రైవరు అరుగు వైపు చూశాడు. నీలం దుప్పటి ఆవిడ మొగుడు చేతికి దూది అంటించుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఉండనియ్ అక్కా. వీళ్ళకి కావాలి."

తాడక్క దుంగని దొర్లించి అరుగు పక్కన నిలబెట్టింది, ఎవరైనా కూర్చోవడానికి వీలుగా.

ఇప్పుడు ఆ ఇంటి పెంకుల మీద ఎండే ఉంది. బట్టలు పూటలో ఆరిపోతున్నాయి. అత్తగారి గురక మళ్ళీ వీధి చివరిదాకా వినిపిస్తోంది. అల్లుడొచ్చి పిల్లని ఎత్తుకుని, స్తంభం మీద కూడా ఇంత జాగ్రత్తగా ఉండనని ఒట్టేశాడు. చెట్లు ఇంకా చాలా ఉన్నాయి, లారీ పొద్దున్నే లేవాలి. డ్రైవరు తాళం తిప్పుతాడు. అది దగ్గి, గొంతు సవరించుకుని, ఇల్లంతా అదిరేట్టు మొదలవుతుంది. భార్య టీ గ్లాసు అందిస్తుంది. అతను తాగుతూ, చెవి ఇంటివైపు పెట్టి, కాలు క్లచ్ మీదే ఉంచి కూర్చుంటాడు. లోపల పసిపిల్ల ఆ చప్పుడుకి ఉలిక్కిపడి కేరుమంటుంది. ఆ ఏడుపు విన్నాకే గేరు వేస్తాడు.